కాచని మట్టి

ఆ వారం మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన మూడు మట్టి సంచులు ఉన్నాయి. ఒకదాంట్లో నా మడి మట్టి. ఇంకోదాంట్లో పక్క మడి మామ్మది. మూడోదాంట్లో తోట కంచె అవతల మేపుల్ చెట్టు కింద తవ్వింది. అక్కడ ఎవరూ ఎప్పుడూ ఏమీ పోయలేదు. పోల్చి చూడ్డానికి అలాంటిది ఒకటి ఉండాలంది మా మనవరాలు. అల్లుడు పాల కోసం తలుపు తీసి ఒక సంచి చేతిలోకి తీసుకున్నాడు.

"అత్తయ్యా, ఇవేం పొడులు?"

"పొడులు కాదు, మట్టి."

"సరే. మీకిప్పుడు రాయడం వచ్చుగా, పైన 'తినరాదు' అని రాసి పెట్టండి. డ్యూటీ నుంచి వచ్చిన ఆకలి మీద ఏది ఏదో చూసుకోను."

రాసి అంటించాను. అతనికి నవ్వులాటగా ఉంది గానీ నాకు నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. పక్క మడి మామ్మ పెంచే కేల్ అనే ఆకుకూర మొక్కలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. వాటిని చంపింది నేనేనని నా అనుమానం. ఆ సంచులు ల్యాబ్‌కి వెళ్ళి వస్తే గానీ అది తేలదు.

మాది కృష్ణా డెల్టాలో కాలవ చివరి ఊరు. నీళ్ళు అందరికీ అందాక మాకు వచ్చేవి. నేను బడి మొహం చూడలేదు. నాట్లకీ కలుపుకీ కోతకీ కూలికి వెళ్ళాను. నలభై దాటాక మా ఊరి ఆడవాళ్ళ సంఘంలో జీవామృతం కలపడం నేర్పారు. పీపాలో నీళ్ళు పోసి ఆవు పేడ, పంచితం, బెల్లం, శనగపిండి వేయాలి. చివరగా ఏ మందూ తగలని గట్టు మీది మట్టి ఒక గుప్పెడు. పైన గోనెపట్టా కప్పి, పొద్దునా సాయంత్రం కర్రతో ఒకే వైపు తిప్పాలి. రెండో రోజుకి నురగ పట్టి, పులిసిన కల్లు వాసన వస్తుంది. అప్పుడు చేనుకి పారించాలి.

చెప్పినవాళ్ళు కాగితాలు ఇచ్చి వెళ్ళారు. నాకు కాగితం ఎందుకు? ముక్కుతో నేర్చుకున్నాను. రెండేళ్ళలో చుట్టుపక్కల రైతులు నన్ను పిలిపించి వాసన చూడమనేవారు. "ఇంకో పూట ఆగాలి" అంటే ఆగేవారు. నన్ను పేరు పెట్టి పిలవని కాపులు కూడా పీపా దగ్గర "ఏవమ్మా, అయ్యిందా?" అని అడిగేవారు. అందులో ఏముందని ఎవరైనా అడిగితే నాకు ఒక్కటే జవాబు. "పాలకి తోడేస్తాం కదా, చేనుకీ అంతే. ఆ గుప్పెడు మట్టే తోడు."

ఇంకో మాట కూడా ప్రతి చోటా చెప్పేదాన్ని. ఆవు మూడు రోజులుగా ఏం తిందో అడక్కుండా పేడ ఎత్తొద్దు. మందు కొట్టిన గడ్డి తిన్న ఆవు పేడ పడితే పీపా చచ్చిపోతుంది. ఈ మాట ఎన్ని గుమ్మాల ముందు చెప్పి ఉంటానో.

మా అమ్మాయి ఇక్కడ కెనడాలో, కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో, ముసలివాళ్ళ హోమ్‌లో పనిచేస్తుంది. వాళ్ళకి స్నానాలు చేయిస్తుంది, తినిపిస్తుంది. అల్లుడు కారు పార్టుల ఫ్యాక్టరీలో షిఫ్టులు. నేను సూపర్ వీసా మీద వచ్చాను, పిల్లల దగ్గర ఏళ్ళ తరబడి ఉండనిచ్చే వీసా అది. రోజంతా నాలుగు గోడల మధ్య ఉంటే నాకు పిచ్చెక్కుతుందని మా అమ్మాయి నా పేరు మీద తోటకి అప్లై చేసింది. మా అపార్ట్‌మెంట్ వెనక రోడ్డు దాటితే ఉంటుంది ఆ తోట. చెక్క పలకలతో గళ్ళు కట్టి, మనిషికి ఒక మడి ఇస్తారు.

నా మడి పక్కన ఒక ముసలామె. పోర్చుగల్ దేశపు దీవుల నుంచి యాభై ఏళ్ళ కిందట వచ్చింది. భర్త పోయాడు. ఎండాకాలంలో కూడా నల్ల స్వెట్టరు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఆమె ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే నాలుగు మాటలు ఎక్కువ, అంతే. మొదటి రోజు నేను "మామ్మా" అని పలకరించాను. అది మా భాషలో నమస్కారం అనుకుందేమో, తనూ నన్ను "మామ్మా" అంది. నాకంటే ఇరవై మూడేళ్ళు పెద్దది. సరిచేయడానికి ఇద్దరికీ మాటలు లేవు. అలాగే ఉండిపోయింది.

ఆమె మడినిండా కేల్, క్యాబేజీ జాతి ఆకుకూర. షాపుల్లో దొరికే ముడతల ఆకు కాదు. భుజం ఎత్తు పెరిగే మొక్క, ఆకు వెడల్పుగా నున్నగా ఉంటుంది. కింద ఆకులు తుంచుకుంటూ పోతే బొప్పాయి చెట్టులా కాండం మీద మచ్చలతో పైకి లేస్తుంది. ఆ విత్తనం వాళ్ళ అమ్మది. చలికాలం ముందు ప్రతి ఏడూ రెండు మొక్కలు వేళ్ళతో సహా తీసి, బకెట్లలో పెట్టి గరాజ్‌లో దాచేది. మంచు పోయాక మళ్ళీ నాటితే అవి పూసి గింజ కట్టేవి. ఆదివారం ఆ ఆకుని దారాల్లా తరిగి బంగాళదుంప సూపులో వేసి, నాకొక డబ్బా తెచ్చేది. నేను అందులో పచ్చిమిరపకాయ చిదుముకుంటుంటే ఒకసారి చూసి తల పట్టుకుంది.

"మామ్మా, నో," అంది. "సూప్ డై."

మొదటి ఏడాది తోట షెడ్డు పక్కన డ్రమ్ము పెట్టాను. ఊరి బయట, మత నియమం కొద్దీ కార్లు ముట్టకుండా గుర్రబ్బండ్ల మీద తిరిగే రైతులు ఉన్నారు. వాళ్ళ పాడి నుంచి మా అమ్మాయి కారు డిక్కీలో రెండు బకెట్ల పేడ తెచ్చాం, కిటికీలన్నీ దించుకుని. అక్కడ గడ్డి టోపీ పెట్టుకున్న రైతు ఉన్నాడు. ఆవులు ఏం తిన్నాయని అడగాలి. అడగడం నాకు రాదు. అమ్మాయి కారు దిగనంది, వాసనకి. నేను పేడ వైపు చెయ్యి చూపించాను, అతను తలూపాడు, ఎత్తుకున్నాను.

ఆ డ్రమ్ములో నురగ రాలేదు. వాసనా రాలేదు. గట్టు మట్టి బదులు ఇక్కడి మట్టే వేశాను మరి. ఆర్నెల్లు మంచు కింద పడుండే నేలలో ఏం బతుకుతుంది, ఈ మట్టికి జీవం లేదు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు కొంచెం గొప్పగా కూడా ఉంది. ఈ దేశానికి లేనిది నా దగ్గర ఒకటి ఉంది.

మరుసటి ఏడు మా తమ్ముడు పోతే అమ్మాయితో కలిసి ఊరెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు నేను కూలి చేసిన చేను గట్టు మీద రెండు గుప్పిళ్ళ మట్టి తవ్వి స్టీలు డబ్బాలో పోశాను. పెట్టెలో కరివేపాకు పొడి డబ్బా పక్కనే సర్దాను. ఇక్కడ దిగాక ఎయిర్‌పోర్టులో, ఏమేం తెచ్చామో చెప్పాల్సిన మిషన్ ముందు మా అమ్మాయి వేలితో నొక్కుతూ అడిగింది.

"అమ్మా, మట్టి, మొక్కలు, మాంసం, ఏమైనా ఉన్నాయా?"

"లేవే."

"పచ్చళ్ళేగా?"

"పచ్చళ్ళే."

ఆ ఏడూ ఆ పాడి నుంచే, ఏమీ అడక్కుండానే పేడ తెచ్చాం. గట్టు మట్టి ఒక గుప్పెడు వేస్తే డ్రమ్ములో రెండో రోజుకే నురగ లేచింది. మూత తీసి వంగితే మా గట్టు మీద నిలబడ్డట్టే ఉంది. నా మడికి పోసుకున్నాను. మామ్మ చెయ్యి నడుముకి పెట్టుకుని చూస్తోంది.

"గుడ్?" అంది.

"గుడ్," అన్నాను.

తన కేల్ వైపు చూపించింది. మడి ఈ చివర నుంచి ఆ చివరకి నేనే పోశాను. అందులో ఏం కలిపానో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆ వేసవి ఆకు చాటంత వచ్చింది. మామ్మ అందరినీ పిలిచి చూపించింది. "మామ్మ మెడిసిన్" అని నా డ్రమ్ము చూపించింది. ఇంకో ముగ్గురు బకెట్లు పట్టుకుని వచ్చారు. పోశాను. మా ఊళ్ళో పీపా దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాను.

ఆ చలికాలమే లైబ్రరీలో పెద్దవాళ్ళకి అక్షరాలు చెప్పే క్లాసులో చేరాను. ఇంగ్లీషు అయ్యాక, ఆదివారం చర్చి నుంచి వచ్చి మా అమ్మాయి తెలుగు దిద్దించింది. ఇంగ్లీషు ఇరవై ఆరుతో అయిపోయింది. తెలుగు ఒత్తులు ఇంకా నన్ను ఏడిపిస్తున్నాయి.

ఏప్రిల్‌లో తోట తలుపు తెరిచిన రోజు, గేటు మీది బోర్డు చదివాను. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. అది మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. దాని మేకుకే నా సంచి తగిలించేదాన్ని. బయటి మట్టి తేకూడదు. పచ్చి పేడ వేయకూడదు. మళ్ళీ చదివాను, తప్పు చదివానేమో అని. సంచి తీసి భుజానికి వేసుకుని లోపలికి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు డ్రమ్ము కలపలేదు. మామ్మ రెండు సార్లు అడిగింది, "మెడిసిన్?" అని. నడుము నొప్పి అని చూపించాను.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆమె మడిలో ఆకులు గొడుగులు ముడిచినట్టు వాలిపోయి ఉన్నాయి. నీళ్ళు తక్కువేమో అని ఇద్దరం తడిపాం. సాయంత్రానికి లేచాయి. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వాలాయి. అలా వారం రోజులు. తరవాత కొన్ని సాయంత్రం కూడా లేవలేదు. మామ్మ ఒకటి పీకింది.

వేళ్ళు వేళ్ళలా లేవు. మా వైపు బోదకాలు వచ్చిన మనుషులు ఉండేవారు, పాదం ఏదో వేలు ఏదో తెలియకుండా వాచిపోయి. ఆ మొక్క కిందంతా అలా ఉంది. విరిస్తే లోపల కుళ్ళు వాసన. ఎన్ని చేలల్లో పనిచేశాను, ఎప్పుడూ అలాంటిది చూడలేదు. మామ్మ కూడా చూడలేదు. ఆ వేరు చేత్తో పట్టుకుని నా వైపు చూసింది. నేనేదో చెబుతానని చూసింది, మందు ఇచ్చేదాన్ని కదా. నేను తల దించుకుని ఆ గుంట పూడ్చాను.

యాభై ఏళ్ళుగా రాని రోగం, నేను పోసిన మరుసటి ఏడు వచ్చింది. ఇంకెక్కడి నుంచి వస్తుంది?

మా మనవరాలు పక్క ఊరి యూనివర్సిటీలో చదువుతోంది. ఆ వేసవి అక్కడే మట్టి ల్యాబ్‌లో పని. పదేళ్ళప్పుడు ఇక్కడికి వచ్చింది కాబట్టి తెలుగు మాట్లాడుతుంది, సగం. చపాతీలు ఒత్తుతూ దానికి చెప్పాను. వేరు సంగతి ముందు చెప్పాను. బోర్డు సంగతి చెప్పాను. డబ్బా సంగతి చివర్లో.

"ఇండియా నుంచి సాయిల్ తెచ్చావా?" అంది.

"తోడు కోసమే. పాలకి తోడేసినట్టు."

అది చపాతీ తిప్పడం ఆపింది. "అమ్మమ్మా, తోడు ఎప్పుడు వేస్తావు? పాలు కాచాక కదా."

"కాచి, గోరువెచ్చగా అయ్యాక."

"కాచకుండా వేస్తే?"

"విరిగినా విరుగుతాయి. పాలల్లో ముందే ఏవో ఉంటాయిగా."

"మరి మట్టిని ఎవరు కాచారు?"

నేను పీట మీది చపాతీనే మళ్ళీ ఒత్తాను.

"ఇక్కడి మట్టి ఖాళీగా లేదు," అంది. "ఒక స్పూన్‌లో కంటికి కనపడనివాళ్ళు మన లెక్కకి అందనంత మంది ఉంటారు. చోటు వాళ్ళదే, తిండి వాళ్ళదే, ఈ చలి అలవాటైనవాళ్ళు. నువ్వు పైన గుప్పెడు పోస్తే మెజారిటీ కొన్ని వారాల్లో పోతారు. మిగిలినవాళ్ళు వింటర్‌లో పోతారు. ష్యూర్‌గా చెప్పలేను. టెస్ట్ చేయిస్తా."

అలా వచ్చాయి ఫ్రిజ్‌లోకి ఆ సంచులు. స్టీలు డబ్బాలో ఇంకా గుప్పెడు మిగిలి ఉంది. అదీ పట్టుకెళ్ళమన్నాను. పర్మిట్ లేని మట్టి ల్యాబ్‌లోకి రానివ్వరంది. ఇంట్లో కూడా ఉంచకూడదు, కాచి పారేయాలి అంది. నేనే కుక్కర్‌లో నీళ్ళు పోసి, డబ్బా మూత వదులుగా పెట్టి దింపాను. చాలాసేపు ఉంచాను. ఆవిరి వదిలినప్పుడు తొలకరి వాసన వచ్చింది. హాల్లోంచి మా అమ్మాయి లేచి వచ్చి, "ఏం వండుతున్నావమ్మా?" అంది. చల్లారాక అది బూడిద లాగే ఉంది, వాసన లేదు. చెత్తలో పోశాను.

అప్పుడు మా అమ్మాయికీ తెలిసింది. ఎయిర్‌పోర్టులో నొక్కింది తన వేలు. మొహం మాడిపోయింది.

"నువ్వు ఇక్కడే ఉండిపోవడానికి పెట్టిన పీఆర్ అప్లికేషన్ ఇంకా గవర్నమెంట్ దగ్గరే ఉందమ్మా. ఇప్పుడు తోటంతా చాటింపు వేస్తావా?"

"ఆమె మొక్కలు పోతున్నాయే."

"మొక్కలేగా. మేం హోమ్‌లో మనుషులు పోతే కూడా పక్క రూమ్‌లో చెప్పం, తెలుసా?"

తరవాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను తోటకి వెళ్ళి మామ్మ పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా వచ్చేదాన్ని.

ఫలితాలు రావడానికి వారాలు పట్టింది. మట్టిలో ఎవరెవరున్నారో పేర్ల పట్టీలాంటిది వస్తుందట. మనవరాలు ల్యాప్‌టాప్ తెరిచి రంగు రంగు పట్టీలు చూపించింది. నాకు కొన్ని అక్షరాలు తెలుస్తాయి గానీ ఆ పేర్లు నోరు తిరగవు.

"మూడు సంచులూ దాదాపు ఒకేలా ఉన్నాయి," అంది. "మేపుల్ చెట్టు కింద ఉన్నవాళ్ళే మీ మడుల్లోనూ ఉన్నారు. కొత్తవాళ్ళని చెప్పుకోదగ్గవాళ్ళు కనపళ్ళేదు. మీ ఊరి సాయిల్ చూడలేదు కాబట్టి హండ్రెడ్ పర్సెంట్ అనను. కానీ మీవాళ్ళు మిగల్లేదనే నా ఉద్దేశం."

గుండె మీద నుంచి బరువు దిగాలి. దిగింది కూడా, ఒక్క నిమిషం. ఆ వెంటనే ఇంకేదో పట్టుకుంది. మా గట్టు మీది మట్టి, ఒక్కరూ మిగల్లేదు.

"మరి ఆ ఏడు ఆకు చాటంత ఎందుకొచ్చింది?"

"నువ్వు బెల్లం, పిండి, పేడ పోశావు కదా. అవి ఇక్కడున్నవాళ్ళు తిన్నారు. తిని కొందరు బాగా పెరిగారు. ఆ తేడా పట్టీలో కొంచెం కనిపిస్తోంది, చూడు. మొదటి ఏడు డ్రమ్ములో నురగ రాకపోవడం చలికేమో. నువ్వు పంపినవాళ్ళు పోయారు, వాళ్ళకని కట్టిచ్చిన భోజనం వీళ్ళు తిన్నారు."

నవ్వించాలని అంది. నేను మా ఊరి పీపాల గురించి ఆలోచిస్తున్నాను. అన్నేళ్ళు నేను వాసన చూసి "అయ్యింది" అన్నది ఏమిటి? గుప్పెడు మట్టి వేయకపోయినా అలాగే పండేదా? అడిగాను. అక్కడ గట్టూ చేనూ ఒకటే మట్టి కదా, వాళ్ళు పరాయివాళ్ళు కాదు, వాళ్ళకి బలం దొరికి ఉంటుంది, నాకు తెలీదు అమ్మమ్మా అంది. నాకూ తెలీదు. ఇప్పటికీ తెలీదు.

"ఇంకొకటి," అంది. "ఆ గడ్డ వేరు రోగం. అది మామ్మగారి మడిలో ఉంది, నీ మడిలోనూ ఉంది. చెట్టు కింద లేదు. క్యాబేజీ జాతికి వచ్చేది. అది మీ ఊరిది కాదు, ఈ దేశంలో ఎప్పటి నుంచో ఉన్నదే. పేడ ఎక్కడిది?"

చెప్పాను.

"ఆ ఆవులు ఏం తిన్నాయి?"

నా జీవితంలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేనే అందరినీ అడిగేదాన్ని.

తరవాతి శనివారం ఇద్దరం ఆ పాడికి వెళ్ళాం. గడ్డి టోపీ రైతు మంచివాడు, దాచలేదు. చలి మొదలయ్యాక, మళ్ళీ పచ్చిగడ్డి లేచేదాకా, మేత తక్కువైతే క్యాబేజీ జాతిదే అయిన టర్నిప్ మొక్కలు దుంపలతో సహా ఆవులకి వేస్తామన్నాడు. ఆ చేలో కొన్ని దుంపలకి గడ్డలు ఉండేవి, అవి అమ్మడానికి పనికిరావు, అందుకే ఆవులకి వేశామన్నాడు. ఆ రోగం విత్తు ఆవు కడుపులో కూడా చావదని కారెక్కాక మనవరాలు చెప్పింది. పచ్చి పేడలో బయటికి వస్తుంది, మట్టిలో ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. నేను డ్రమ్ములో నీళ్ళు కలిపి చెంబుతో ప్రతి వేరుకీ పోశాను.

"ష్యూర్ కాదు," అంది మళ్ళీ. "ఎవరి బూట్లకో అంటుకుని వచ్చి ఉండొచ్చు. కొన్న నారుతో వచ్చి ఉండొచ్చు. ఎవరూ ప్రూవ్ చేయలేరు."

"ఎన్నేళ్ళు ఉంటుంది?"

"ఏడేళ్ళు. ఎనిమిది. ఎక్కువ కూడా."

మా ఊరి నుంచి దొంగతనంగా తెచ్చిన మట్టి ఏమీ చేయలేదు. పక్కూరి పేడ, అందరి కళ్ళ ముందు బకెట్లో తెచ్చింది, అది చేసింది. ఏ మాట చెప్పి నేను నలుగురిలో మనిషినయ్యానో ఆ మాట నేనే పాటించలేదు. భాష రాదు అనుకున్నాను. కారులో కూతురు ఉంది, పిలవొచ్చు. పిలవలేదు.

మామ్మకి సెప్టెంబరులో చెప్పాను. మనవరాలిని తోడు రమ్మన్నాను, నా మాటలు చాలవని. మామ్మ చెక్క పలక మీద కూర్చుని ఉంది. మొత్తం చెప్పించాను. డబ్బా, పేడ, టర్నిప్ దుంపలు, బోర్డు చదివి ఊరుకోవడం, నడుము నొప్పి అబద్ధం, అన్నీ. మనవరాలు ఇంగ్లీషులో చెబుతుంటే నేను మామ్మ చేతులు చూస్తున్నాను. కత్తితో బూటుకి అంటిన మట్టి గీకుతోంది.

"హౌ మెనీ ఇయర్?" అంది.

మనవరాలు ఏడు అని వేళ్ళు చూపించింది.

మామ్మ తన వేళ్ళు చూసుకుంది. "ఐ యామ్ ఎయిటీ వన్," అంది.

కోప్పడితే బాగుండేది. లేచి, మిగిలిన మొక్కలు పీకడం మొదలుపెట్టింది. నేను సంచి పట్టుకున్నాను, వద్దనలేదు. ఆ గడ్డలు ఒక్కోటీ సంచిలో పడుతుంటే బరువుగా చప్పుడయ్యేది. ఆ సంవత్సరం గరాజ్‌లోకి తీసుకెళ్ళడానికి మొక్కలు లేవు. వెళ్ళేటప్పుడు "మామ్మా" అనలేదు. ఆ ఆదివారం సూపు రాలేదు. తరవాతి ఆదివారమూ రాలేదు.

తోట చూసుకునే ఆవిడకి కూడా చెప్పాం, పేడ సంగతి. డబ్బా సంగతి మా అమ్మాయి ముఖం చూసి చెప్పలేదు. అది ఇప్పుడు ఇక్కడే రాస్తున్నాను. నేను బకెట్లలో పోసిన ఐదు మళ్ళలో సున్నం చల్లించారు. ఆ మళ్ళలో క్యాబేజీ, ఆవ, ముల్లంగి జాతి ఏదీ వేయకూడదన్నారు. గేటు దగ్గర బూట్లు కడుక్కునే బకెట్ పెట్టారు. బకెట్లు పట్టుకుని వచ్చిన ముగ్గురిలో ఒకాయన నన్ను చూస్తే పక్క దారి పడతాడు. నా మడి తీసేయలేదు.

చలికాలమంతా నాకు ఒకటే ధ్యాస. ఆ విత్తనం ఎన్నాళ్ళు బతుకుతుంది? నాలుగైదేళ్ళ తరవాత ఎక్కువ భాగం మొలకెత్తవు, మనవరాలు చెప్పింది. నేల ఏడేళ్ళు పడుకోవాలి, గింజ అంతకాలం ఆగదు. మార్చిలో మామ్మ ఇంటికి వెళ్ళాను, మొదటిసారి. తలుపు తీసి పక్కకి జరగలేదు, గడపలోనే నిలబడింది. మా బాల్కనీలో కుండీల్లో పెంచుతాను, కాచిన మట్టిలో, గింజలు ఇవ్వు అని చెప్పాను. రాత్రంతా కూర్చుని కాగితం మీద ఇంగ్లీషులో రాసుకుని వెళ్ళాను, అది చూసి చదివాను. అంతా విని తలుపు వేసుకుంది. ఒప్పుకోలేదనుకుని మెట్లు దిగుతుంటే వెనక తలుపు చప్పుడైంది. అగ్గిపెట్టెలో పది గింజలు. "టెన్," అంది. సీసాలో మిగిలినవి తన దగ్గరే ఉంచుకుంది. నేనైనా అంతే చేస్తాను.

"వాళ్ళు అమ్మే సంచి మట్టి క్లీన్‌గానే ఉంటుంది అమ్మమ్మా," అని మనవరాలు మొత్తుకుంది. వినలేదు. కొన్న సంచి మట్టినే ఇడ్లీ పాత్రలో, విడతలు విడతలుగా, ఆవిరి పట్టించాను. అల్లుడు వచ్చి మూత ఎత్తి చూశాడు.

"టిఫిన్ ఇదేనా అత్తయ్యా? చట్నీ ఏమిటి?" అన్నాడు. కానీ బరువైన కుండీలు బాల్కనీలోకి తనే మోశాడు.

పదిలో ఆరు మొలిచాయి. మూడు కుండీల్లో పెట్టాను. ఆకులు పాలిపోయి, ఉన్నచోటే ఉన్నాయి. కాచిన మట్టి ఇప్పుడు నిజంగా ఖాళీ, ముందు ఎవరు దిగితే వాళ్ళదే రాజ్యం అంది మనవరాలు, కాబట్టి మంచివాళ్ళని నువ్వే దింపాలి. దాని సంచుల్లో రోగం లేనిది మేపుల్ చెట్టు మట్టి ఒక్కటే. ఆ చెట్టు కింద కొత్తగా తవ్వి కుండీకి ఒక చెంచా వేయమంది. ఆ చెంచా పట్టుకుని నేను బాల్కనీలో చాలాసేపు నిలబడ్డాను. పీపాలకి పీపాలు చేలకి పారించినదాన్ని. ఆ సంచి తవ్వి ఏడాది కావస్తోంది, ఈ మధ్యలో ఆ చెట్టు కింద ఎవరి బూట్లు తిరిగాయో, కొత్తగా తవ్విన చెంచాలో ఎవరున్నారో. ఎవరెవరు లేకుండా మొక్క బతకదో కూడా నాకు తెలీదు. చివరికి వేశాను.

అవి లేచాయి. ఇప్పుడు జానెడు మించాయి. మామ్మ ఆదివారం చర్చి నుంచి వచ్చి చూసిపోతుంది. కాండం వేళ్ళతో నొక్కి చూస్తుంది. నాతో ఎక్కువ మాట్లాడదు, కాఫీ తాగుతుంది.

నిన్న మధ్యాహ్నం ఎండ తీవ్రంగా ఉంది. మూడో కుండీలో ఒక మొక్క ఆకు వాలింది. నీళ్ళు పోశాను. సాయంత్రానికి లేచింది. ఎండకి వాలిన మొక్క సాయంత్రానికి లేస్తుంది. ఆ రోగం మొదట్లో కూడా అలాగే లేస్తుంది. రెండిట్లో ఏదన్నది తెలియాలంటే వేరు చూడాలి. వేరు చూడాలంటే పీకాలి. ఇవాళ పొద్దున్నించి ఆ కుండీ ముందు మూడుసార్లు కూర్చుని లేచాను. ఇవాళ శుక్రవారం. ఆదివారం మామ్మ వస్తుంది. అది తన మొక్క, పీకాలో ఉంచాలో తననే అడుగుతాను.